చేతులు ఆడుతున్నాయి, గుటక పడటం లేదు: మెడుల్లా స్ట్రోక్ తర్వాత మింగుడు సమస్య, ఒక కేస్ స్టడీ

రోగి వయసు 58. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఉన్నాయి. ఒక ఉదయం ఉన్నట్టుండి తల తిరిగి వాంతులయ్యాయి, నిలబడితే ఎడమవైపు తూలిపోయారు. ఎడమ బుగ్గ మొద్దుబారింది, గొంతు బొంగురుపోయింది, మొదలైన ఎక్కిళ్లు ఆగలేదు. మొదట చూసిన చోట చెవి వల్ల వచ్చిన తలతిప్పు అనుకున్నారు. సీటీ స్కాన్ మామూలుగానే వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. మెదడు అడుగుభాగంలో వచ్చే చిన్న స్ట్రోక్ సీటీలో చాలాసార్లు కనిపించదు, తొలి గంటల్లో ఎమ్మారైకి కూడా ఒక్కోసారి దొరకదు. మర్నాడు తీసిన ఎమ్మారైలో మెడుల్లా (మెదడు అడుగున వెన్నుపాముకు కలిసే భాగం) ఎడమ పక్కభాగం దెబ్బతిన్నట్టు, మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే ఎడమ వర్టిబ్రల్ ధమని మూసుకుపోయినట్టు తేలింది. 1895లో అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ వర్ణించిన సిండ్రోమ్ ఇదే. (గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి రాస్తున్నాను.)

మింగుడు సమస్యలు చూసే నా దగ్గరికి రెఫర్ చేసిన కాగితం మీద ‘చిన్న స్ట్రోక్, మింగేటప్పుడు దగ్గు, చిక్కటి ద్రవాలు మొదలుపెట్టాం, మెరుగుదల లేదు’ అని ఉంది. ‘చిన్న’ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. స్ట్రోక్ తీవ్రతను కొలిచే ఎన్‌ఐహెచ్‌ఎస్‌ఎస్ స్కోరులో చేతులకు, కాళ్లకు, మాటకు, చూపుకు మార్కులున్నాయి కానీ మింగడానికి లేవు. అందుకే గుక్కెడు నీళ్లు కూడా దిగని మనిషికి స్కోరు 3 రావచ్చు.

నేను వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. చేతిలో ఒక కప్పు, ఒళ్లో టిష్యూల పెట్టె. నిమిషానికోసారి కప్పులో ఉమ్ముతున్నారు. భార్య అడిగిన మొదటి ప్రశ్నే ఈ కేసు మొత్తానికి మూలం: “చేతులు ఆడుతున్నాయి, పట్టుకుంటే నడుస్తున్నారు, మాటలన్నీ అర్థమవుతున్నాయి. మరి సొంత ఉమ్ము ఎందుకు మింగలేకపోతున్నారండీ?”

గుటక వెనక పని

మింగడాన్ని చదువు సౌకర్యం కోసం నాలుగు దశలుగా చెబుతాం. నోట్లో నమిలి ముద్ద చేసుకోవడం, నాలుక ఆ ముద్దను వెనక్కి నెట్టడం, గొంతు దాన్ని దించడం, ఆహారవాహిక కడుపు దాకా చేర్చడం. మొదటి రెండూ మన ఇష్టం మీద నడుస్తాయి, కావాలంటే ఆపుకోగలం. మూడోది ఒకసారి మొదలైతే ఆగదు. ప్రమాదం ఉన్నది కూడా అక్కడే, ఎందుకంటే గాలి, ఆహారం రెండూ నడిచే ఉమ్మడి దారి గొంతు ఒక్కటే.

ఆ మూడో దశ మొత్తం సుమారు ఒక సెకనులో ముగుస్తుంది. ఆ సెకనులో మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కు దారిని మూస్తుంది. ఊపిరి ఆగుతుంది. నాలుక మొదలు వెనక్కి తన్నుతుంది, గొంతు గోడలు పైనుంచి కిందికి వరుసగా బిగుసుకుంటాయి. గడ్డం కిందున్న కండరాలు హయాయిడ్ ఎముకను, దాంతోపాటు స్వరపేటికను, పైకీ ముందుకీ లాగుతాయి. గుటక వేసినప్పుడు కంఠమణి ఎగిరిపడేది అందుకే. స్వరతంతువులు దగ్గరకు చేరతాయి, వాటి పైనున్న ఖాళీ మూసుకుంటుంది, స్వరపేటిక మీద మూతలా ఉండే ఉపజిహ్విక వెనక్కి వాలుతుంది. చిట్టచివర ఆహారవాహిక పై ద్వారం తెరుచుకుంటుంది. ముద్ద దిగిపోయాక మామూలుగా బయటికి వదిలే శ్వాసతో మళ్లీ ఊపిరి మొదలవుతుంది. ఏమైనా అంచున మిగిలితే ఆ గాలే బయటికి ఊదేస్తుంది.

ఈ పై ద్వారం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈయన కష్టమంతా అక్కడే ఉంది. క్రికోఫారింజియస్ అనే కండరం విశ్రాంతిలో ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. గుటక సమయంలో మాత్రమే వదులవుతుంది. కానీ వదులైనంత మాత్రాన దారి తెరుచుకోదు. గొళ్లెం తీయడం వేరు, తలుపు లాగడం వేరు. మెడుల్లా నుంచి వచ్చే వేగస్ నరం (10వ కపాల నరం) గొళ్లెం తీస్తుంది, పైకి ముందుకు కదిలే స్వరపేటిక తలుపు లాగుతుంది, వెనకనుంచి తోసుకొచ్చే ముద్ద ఒత్తిడి దాన్ని వెడల్పు చేస్తుంది. ఈ మూడింటిలో ఏది తగ్గినా ముద్ద ద్వారం దగ్గరే ఆగిపోతుంది. ఆగినది ఎక్కడికి పోతుంది? స్వరపేటికకు రెండు పక్కలా ఉండే పైరిఫార్మ్ గుంటల్లో చేరుతుంది. గుంటలు నిండితే పొర్లి, పక్కనే తెరిచి ఉన్న శ్వాసదారిలోకి జారుతుంది.

ఇంత పనిని సమన్వయం చేసేది మెడుల్లా. 5, 7, 9, 10, 12వ కపాల నరాలు ఇందులో పాలుపంచుకుంటాయి. గొంతులో తగిలిన స్పర్శ మెడుల్లాలోని న్యూక్లియస్ ట్రాక్టస్ సోలిటేరియస్ అనే నరకణాల గుంపుకు చేరుతుంది. అంగిలి, గొంతు, స్వరపేటిక కండరాలకు ఆజ్ఞలు న్యూక్లియస్ ఆంబిగ్యూస్ అనే మరో గుంపు నుంచి వెళతాయి. ఏ కండరం తర్వాత ఏది కదలాలో వరుస పెట్టే నరాల అల్లిక కూడా ఆ పరిసరాల్లోనే ఉంటుంది. ఇవన్నీ పక్కభాగంలో ఉంటే, కాళ్లూ చేతుల్ని కదిలించే తీగలు మెడుల్లా ముందువైపు నుంచి వెళతాయి. నాలుకను కదిలించే 12వ నరం కేంద్రం నడిమికి దగ్గరగా ఉంటుంది. ఆయన స్ట్రోక్ పక్కభాగాన్ని కొట్టి ముందువైపునీ నడిమినీ వదిలేసింది. భార్య ప్రశ్నకు జవాబు అదే. కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది. “అయితే బలం లేక కాదు, ఆర్డర్ అందక” అన్నారు. పూర్తిగా అంతే కాదు గానీ, ఆ రోజుకు సరిపోయే అవగాహన అది.

కుడి ఎడమ కేంద్రాలు రెండూ కలిసే గుటకను నడుపుతాయి కాబట్టి ఒక పక్క దెబ్బతిన్నా మొదట్లో రెండు వైపులా దాని ప్రభావం పడుతుంది. తొలి వారాలు భయపెట్టేంత తీవ్రంగా ఉండటానికి కారణం ఇది. బాగున్న పక్క క్రమంగా బాధ్యత తీసుకోవడం వల్లే చాలామంది వారాల్లోనో నెలల్లోనో తేరుకుంటారు. కొద్దిమంది తేరుకోరు. ఎవరు ఏ గుంపులో పడతారో మొదటి వారంలో చెప్పేవాళ్లను నేను నమ్మను.

మంచం పక్కన

పరీక్షకు ముందు నోరు చూస్తాను. నాలుక మీద తెల్లటి పూత, పళ్ల సందుల్లో ఎండిన కళ్లె. తినడం లేదు కదా అని ఎవరూ బ్రష్ చేయించలేదు. నిజానికి తినని నోరే త్వరగా పాడవుతుంది. నమలడం వల్ల జరిగే శుభ్రత ఉండదు, ఉమ్ము కదలదు. శుభ్రం చేశాకే మిగతా పని.

నాలుక నేరుగా బయటికి వచ్చింది, పక్కలకు బాగా కదిలింది. పెదవులు గట్టిగా మూసుకున్నాయి. ‘ఆ’ అనమంటే అంగిలి ఎడమ సగం లేవలేదు, కొండనాలుక కుడివైపుకి జరిగింది. ఎడమ కంటి రెప్ప కొంచెం వాలింది, పాప చిన్నదైంది. ఎడమ ముఖం మీద, కుడి ఒంటి మీద చలి, వేడి, నొప్పి తెలియడం తగ్గింది. గొంతులో గాలి ఎక్కువ, ధ్వని తక్కువ. దగ్గమంటే ఊదినట్టు వచ్చింది, పదును లేదు.

గ్యాగ్ రిఫ్లెక్స్ (గొంతు వెనక తాకితే వచ్చే ఓకరింపు) కూడా చూశాను, ఎడమవైపు లేదు. నరాల పరీక్షగా దానికి విలువుంది. మింగగలరా లేదా అని తేల్చడానికి మాత్రం అది పనికిరాదు. ఆరోగ్యవంతుల్లో కూడా చాలామందికి అది ఉండదు, ఉన్నవాళ్లలో ఎందరో పొలమారుతూనే ఉంటారు. ‘గ్యాగ్ ఉంది, తినిపించవచ్చు’ అని ఇప్పటికీ ఫైళ్లలో కనిపిస్తుంటుంది. ఈ వాడుక ఎప్పుడు పోతుందో!

గుక్క తర్వాత గుక్కగా 90 మిల్లీలీటర్ల నీళ్లు ఆపకుండా తాగించి దగ్గు వస్తుందేమో చూసే స్క్రీనింగ్ పరీక్ష ఒకటుంది. సొంత ఉమ్మునే దించలేని మనిషికి అది చేయకూడదు. చెంచాలో 3 మిల్లీలీటర్ల నీళ్లు మాత్రం ఇచ్చి, నాలుగు వేళ్లు గడ్డం కింద, కంఠమణి మీద ఉంచాను. కంఠమణి లేచింది. మళ్లీ లేచింది, మళ్లీ మళ్లీ లేచింది. నాలుగైదు గుటకలు, కానీ దిగిన జాడ లేదు. వెంటనే దగ్గు రాలేదు. పావు నిమిషం గడిచాక గొంతు తడితడిగా గరగరలాడింది, ఆ తర్వాతే దగ్గు, ఆ తర్వాత కప్పులో ఉమ్మడం.

దగ్గు ఉందా లేదా అన్నదానికన్నా ఎప్పుడు వచ్చింది అన్నది ముఖ్యం. గుటక పడకముందే వస్తే నాలుక పట్టు తప్పి ద్రవం ముందే జారిందనో, గుటక ఆలస్యంగా మొదలైందనో అనుమానించాలి. గుటక మధ్యలో వస్తే మూత సరిగా పడలేదు. గుటక అయిపోయాక వస్తే లోపల ఏదో మిగిలి, పొర్లింది. మొదటి రకానికి ద్రవాన్ని చిక్కగా చేస్తే మేలు జరగవచ్చు, ఎందుకంటే చిక్కటిది నెమ్మదిగా కదులుతుంది, మూత పడటానికి సమయం దొరుకుతుంది. మూడో రకంలో అదే పని ఎదురుతిరుగుతుంది. చిక్కటి ద్రవాన్ని దించడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి, ఎక్కువ వెడల్పు కావాలి. ఆ రెండూ లేనిచోట అది గుంటల్లోనే కూర్చుంటుంది. ఈయనకు చిక్కటి ద్రవంతో మెరుగుదల లేకపోవడమే కాదు, అది మొదలుపెట్టాక రాత్రుళ్లు దగ్గు పెరిగిందని కూతురు చెప్పింది.

అయితే ఇదంతా నా ఊహ. దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారే సైలెంట్ ఆస్పిరేషన్‌ను వేళ్లతోనూ చెవులతోనూ పట్టుకోలేం. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటర్ పడిపోతే లోపలికి పోయినట్టే అన్న నమ్మకానికి కూడా గట్టి ఆధారం లేదు. కళ్లతో చూడాలి.

లోపల కనిపించింది

చూడటానికి రెండు దారులున్నాయి. ముక్కులోంచి సన్నని ఎండోస్కోప్ దించి గొంతును పైనుంచి చూడటం ఒకటి. 1988లో సుసాన్ లాంగ్‌మోర్, ఆమె సహచరులు దీన్ని మింగుడు పరీక్షగా ప్రచురించారు. ఎక్స్‌రేలో కనిపించే బేరియం కలిపిన ఆహారం ఇస్తూ ఎక్స్‌రే వీడియో తీయడం రెండోది. ఏది గొప్పదన్న వాదన నాకు విసుగు. ఎండోస్కోప్ ఉమ్ము చేరికనూ, స్వరతంతువుల కదలికనూ, మిగులునూ బాగా చూపిస్తుంది. కానీ సరిగ్గా గుటక పడే క్షణంలో గొంతు గోడలు కెమెరాను కప్పేసి తెర తెల్లబడిపోతుంది. ఆ క్షణాన్ని, పై ద్వారం తెరుచుకోవడాన్ని ఎక్స్‌రే వీడియో చూపిస్తుంది. ఈయనకు రెండూ అవసరమయ్యాయి.

మొదట ఎండోస్కోప్, ఈఎన్‌టీ డాక్టర్‌తో కలిసి. ఏమీ ఇవ్వకముందే ఎడమ పైరిఫార్మ్ గుంట నురగ ఉమ్ముతో నిండి ఉంది. శ్వాస పీల్చినప్పుడల్లా అది స్వరపేటిక అంచు దాకా వచ్చి వెనక్కి పోతోంది. ఎడమ స్వరతంతువు కదలడం లేదు. ఆకుపచ్చ రంగు కలిపిన చిక్కటి పదార్థం చెంచాడు ఇచ్చాం. అది వెనక్కి చక్కగా వచ్చింది, గుటక సమయానికే మొదలైంది. తెర తెల్లబడి మళ్లీ తేటపడేసరికి, ఇచ్చినదాంట్లో చాలా భాగం ఎడమ గుంటలో అలాగే ఉంది. కాసేపటికి వెనక అంచు మీదుగా పొర్లి స్వరతంతువుల కిందికి దిగింది. ఆయన దగ్గారు, పైకి రాలేదు. జాన్ రోసెన్‌బెక్ బృందం 1996లో ప్రచురించిన 8 అంకెల స్కేలులో ఇది 7. అంటే శ్వాసదారిలోకి దిగింది, శరీరం ప్రయత్నించింది, కానీ బయటికి తోసెయ్యలేకపోయింది. 8 అయితే ప్రయత్నం కూడా ఉండదు.

అప్పుడు తల ఎడమవైపుకి, భుజం మీదుగా చూస్తున్నట్టు తిప్పించాం. బలహీనమైన పక్కకే తిప్పాలి, బాగున్న పక్కకు కాదు. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ లెక్క సులువు. తిప్పిన వైపు గుంట నొక్కుకుని మూసుకుంటుంది, ద్రవం బాగున్న కుడివైపు నుంచి దిగుతుంది. పైగా ఆ భంగిమలో పై ద్వారం బిగువు కొంత తగ్గుతుంది. అదే భంగిమలో మామూలు పల్చటి నీళ్లు 3 మిల్లీలీటర్లు ఇచ్చాం. కొంచెం అంచు దాకా వచ్చి, తనంతట తానే పైకి వెళ్లిపోయింది. స్కేలు మీద 2. మిగులు సగానికన్నా తక్కువ.

తల తిప్పించే ముందు న్యూరాలజిస్టుతో మాట్లాడటం మరచిపోకూడని పని. ఈ రకం స్ట్రోక్ కొందరిలో మెడలోని వర్టిబ్రల్ ధమని లోపలి పొర చిరగడం వల్ల వస్తుంది. అలాంటివాళ్ల మెడను బలంగా తిప్పడం, తలెత్తి పట్టే వ్యాయామాలు చేయించడం ప్రమాదం. ఈయనది ధమనిలో కొవ్వు పేరుకుని వచ్చిన మూత, చిరుగు కాదని స్కాన్‌లో చూసి అనుమతి ఇచ్చారు.

రెండు రోజుల తర్వాత ఎక్స్‌రే వీడియో. పక్కనుంచి చూస్తే హయాయిడ్ కదలిక ఫరవాలేదు, పై ద్వారం మాత్రం సన్నగా, క్షణకాలం తెరుచుకుని మూసుకుంటోంది. ముందునుంచి తీసిన వీడియోలో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. బేరియం అంతా కుడి పక్కనుంచే దారంలా దిగుతోంది, ఎడమ పక్క గోడ సంచిలా ఉబ్బుతోంది. చాలాచోట్ల పక్కనుంచి మాత్రమే తీసి వదిలేస్తారు. ఒక పక్క పక్షవాతం అనుమానం ఉన్న ప్రతి రోగికీ ముందునుంచి కూడా తీయించమని అడగాలి.

పల్చటి నీళ్లతో మొదలు

చిక్కటి ద్రవాలు ఆపేసి, తల ఎడమవైపు తిప్పించి 3 మిల్లీలీటర్ల చొప్పున పల్చటి నీళ్లు మొదలుపెట్టాం. ఇది ఇంట్లోవాళ్లకు మింగుడుపడలేదు. ‘నీళ్లే పొలమారుతుంటే నీళ్లే ఇవ్వమంటారేంటి’ అన్నది వాళ్ల భయం, న్యాయమైన భయమే. నీళ్లు ఎవరికైనా మంచివని నేను అనలేదు. ఈయన గుటక సమయానికి మొదలవుతోంది, సన్నటి ద్వారంలోంచి పల్చటిదే దిగుతోంది, నోరు శుభ్రంగా ఉంటే లోపలికి జారిన కొద్దిపాటి నీళ్ల వల్ల కలిగే హాని మిగతావాటికన్నా తక్కువ. ఈ మూడూ కలిసిన చోటే ఈ నిర్ణయం. గుటక ఆలస్యమయ్యే రోగికి ఇదే సలహా ఇస్తే ముంచినట్టే.

చిక్కదనం గురించి ఇంట్లోవాళ్లతో, నర్సులతో ఒకే భాష మాట్లాడటానికి ఇడ్సీ (ఆహారం, ద్రవాల చిక్కదనాన్ని చెప్పే అంతర్జాతీయ కొలమానం) స్థాయిలు పనికొస్తాయి. 0 నుంచి 7 దాకా ఉంటాయి. ద్రవాల స్థాయిని 10 మిల్లీలీటర్ల సిరంజితో ఎవరైనా కొలుచుకోవచ్చు. నింపి, 10 సెకన్లు కారనిచ్చి, ఎంత మిగిలిందో చూడాలి. 1 మిల్లీలీటరు లోపు మిగిలితే స్థాయి 0, 1 నుంచి 4 అయితే స్థాయి 1, 4 నుంచి 8 అయితే స్థాయి 2, కొంతైనా కారి 8 దాటి మిగిలితే స్థాయి 3. ‘కొంచెం చిక్కగా’ అంటే ప్రతి చేతికీ ఒక అర్థం ఉంటుంది, సిరంజి ఆ గొడవ తీరుస్తుంది. సిరంజిలన్నీ ఒకే పొడవు ఉండవు, 0 నుంచి 10 గీత దాకా 61.5 మిల్లీమీటర్లు ఉన్నదే వాడాలి.

పోషణ మాత్రం ముక్కు గొట్టం ద్వారానే. గొట్టం వేస్తే ఊపిరితిత్తులకు ఇక భయం లేదని అనుకోకూడదు. ఉమ్ము ఎలాగూ జారుతుంది, కడుపులోది పైకి రావచ్చు. రెండో వారంలో అదే జరిగింది. ఫీడ్ ఇచ్చిన కాసేపటికే స్కాన్ కోసం పూర్తిగా పడుకోబెట్టారు, వాంతయింది, మర్నాటికి జ్వరం, ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ. అందరి వేళ్లూ మా 3 మిల్లీలీటర్ల నీళ్ల వైపే చూపించాయి. జ్వరం తగ్గేదాకా ఆపి, తర్వాత మళ్లీ మొదలుపెట్టాం, దానికి వార్డు టీమ్‌ను ఒప్పించడానికి కొంత పట్టు పట్టాల్సి వచ్చింది. ఆస్పిరేషన్ జరిగిన ప్రతిసారీ న్యుమోనియా రాదు. నోట్లో ఎంత క్రిములున్నాయి, దగ్గు ఎంత బలంగా ఉంది, మనిషి లేచి తిరుగుతున్నాడా, సొంతంగా తింటున్నాడా, నోరు సొంతంగా కడుక్కుంటున్నాడా అన్నవి కలిసి నిర్ణయిస్తాయి. అప్పటినుంచి ఫీడ్ సమయంలోనూ, ఆ తర్వాత గంటసేపూ తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలని, రోజుకు మూడుసార్లు బ్రష్ చేయించాలని మంచం దగ్గర కాగితం అంటించాం. చికిత్స మొత్తంలో అన్నిటికన్నా చవకైనదీ, అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఆ బ్రషే.

మందుల సంగతి ఒకటి. గొట్టంలో వేయడానికి మాత్రలన్నీ నూరేస్తున్నారు. వాటిలో ఒకటి రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే బీపీ మాత్ర. నూరితే మోతాదంతా ఒకేసారి రక్తంలో కలుస్తుంది. ఆయనకు మధ్యాహ్నం కళ్లు తిరగడానికి అదే కారణమని ఫార్మసిస్టు పట్టుకున్నారు, మందు మార్చారు. ఎక్కిళ్లకు ఇస్తున్న మందు మత్తు తెస్తోందని దాన్ని కూడా తగ్గించారు. మత్తులో ఉన్న మనిషికి గుటక నేర్పలేం.

వ్యాయామం

తల తిప్పడం గండం గడిచే ఉపాయమే, దానివల్ల ద్వారం బాగుపడదు. ద్వారం కోసం ప్రధానంగా నమ్ముకున్నది మెండెల్‌సన్ పద్ధతి. గుటక వేసి, కంఠమణి పైకి లేచిన చోటే రెండు మూడు సెకన్లు పట్టి ఉంచాలి. తలుపు లాగే చేతిని ఎక్కువసేపు లాగి ఉంచడమన్నమాట. చెప్పడం తేలిక, పట్టడం కష్టం. చాలామంది మెడంతా బిగిస్తారు, కంఠమణి మాత్రం జారిపోతుంది. గడ్డం కింద ఎలక్ట్రోడ్లు అంటించి కండరాల సంకేతాన్ని తెరమీద గీతగా చూపించాక ఆయనకు పట్టుబడింది. గీత కొండలా లేచి వెంటనే పడిపోకూడదు, పైన కాసేపు చదునుగా నిలవాలి. ఆయనకు ఆ గీత మీద పంతం వచ్చేసింది. దాంతో మా పని సగం తేలికైంది.

దాంతోపాటు శక్తికొద్దీ బలంగా మింగడం, గడ్డం కింద రబ్బరు బంతి పెట్టుకుని ఛాతీకి నొక్కడం చేయించాం. పడుకుని తలెత్తి పట్టే షేకర్ వ్యాయామం కూడా అదే కండరాలకు పనిచెబుతుంది గానీ మెడ మీద, బీపీ మీద భారం ఎక్కువ, అందుకే బంతిని ఎంచుకున్నాను. ఊపిరి గట్టిగా బిగబట్టి మింగే పద్ధతి వాడలేదు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో అది గుండె లయను తప్పించే అవకాశం ఉంది. దగ్గు బలం కోసం స్ప్రింగు ఉన్న చిన్న పరికరంలోకి గట్టిగా ఊదించాం, బీపీ చూసుకుంటూ.

కదలని స్వరతంతువును నడిమికి జరపడానికి ఈఎన్‌టీ డాక్టర్ మూడో వారం తర్వాత హయలురోనిక్ యాసిడ్ ఫిల్లర్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొన్ని నెలల్లో కరిగిపోయే మందు ఇది. నరం తిరిగి పనిచేస్తే అడ్డం కాదు, ఈలోగా మూత కుదురుతుంది. వారం తిరక్కుండా దగ్గులో పదును వచ్చింది. ఫోన్లో మాట వినిపిస్తోందని కూతురు సంతోషపడింది.

‘గొంతుకు కరెంటు పెట్టే మెషిన్’ గురించి కొడుకు అడిగారు. దాని ఫలితాల మీద పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. మెడ ముందు తప్పు చోట పెడితే స్వరపేటికను కిందికి లాగుతుంది కూడా. పైకి లాగడానికి మేం తంటాలు పడుతుంటే కిందికి లాగే మెషిన్ ఎందుకు? ఆ సమయం గుటకలకే వాడదామన్నాను.

నాలుగు వారాలు దాటాక కడుపుకు నేరుగా వేసే పెగ్ గొట్టం చర్చ వచ్చింది. ముక్కు గొట్టం పదే పదే ఊడుతోంది, బరువు తగ్గుతోంది, పైగా ఆ గొట్టం పోయేది మేం తెరవాలనుకుంటున్న ద్వారంలోంచే. భార్యకు పెగ్ అంటే ఆశ వదులుకోవడం. ఆమెను ఒప్పించింది నా మాటలు కాదు. ఆయనే కాగితం మీద ‘ముక్కు ఖాళీగా ఉంటే ఇంకా బాగా ప్రాక్టీస్ చేస్తాను’ అని రాసి ఇచ్చారు. రక్తం పల్చబడే మందుల సమయం చూసుకుని పెట్టారు.

ఆరో వారం ఎక్స్‌రే వీడియోలో ద్వారం ఇంతకు ముందుకన్నా వెడల్పుగా తెరుచుకుంటోంది, ఎడమ గుంటలో మిగులు తగ్గింది. అప్పుడు స్థాయి 1, 2 ద్రవాలు, ఆ తర్వాత జారుడుగా ఉండే మెత్తటి ఆహారం, అన్నీ తల తిప్పే, ప్రతి ముద్దకూ రెండు గుటకలు, చివర గుక్కెడు నీళ్లు. ద్వారం అప్పటికీ తెరుచుకోకపోతే బెలూన్‌తో సాగదీయడం, కండరాన్ని వదులు చేసే బొట్యులినమ్ ఇంజెక్షన్, ఇంకా కాదంటే దాన్ని కోసే సర్జరీ అన్నవి చేతిలో ఉంచుకున్నాం. వాటిని ముందే వాడమని ఒత్తిడి చేసేవాళ్లుంటారు. తేరుకునే అవకాశం ఎక్కువున్న రోగికి, అందులోనూ కడుపులోది పైకి వచ్చే అలవాటున్న మనిషికి, ఆ ద్వారాన్ని తొందరపడి వదులు చేయడం నాకు ఇష్టం లేదు. పైకి వచ్చేదాన్ని ఆపేది కూడా ఆ కండరమే.

ఇప్పటి స్థితి

నోటిద్వారా తినగలిగే స్థాయిని చెప్పే ఫాయిస్ స్కేలులో ఆయన మొదట 1, అంటే నోటితో ఏమీ లేదు. నాలుగు నెలలకు 6, అంటే కొన్ని పదార్థాలు తప్ప దాదాపు అన్నీ. మింగుడు ఇబ్బందిని అడిగే 40 మార్కుల ఈట్-10 ప్రశ్నావళిలో ఆయన ఇచ్చుకున్న మార్కులు 36 నుంచి 9కి తగ్గాయి. 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సమస్య ఉన్నట్టే లెక్క, కాబట్టి 9 మామూలు కాదు. ఉమ్మే కప్పు అవసరం మూడో నెలలోనే తీరింది. నోటితో తిన్నదానితోనే బరువు వరుసగా కొన్ని వారాలు నిలబడ్డాక పెగ్ తీసేశారు.

పొడిగా పొడిపొడిగా ఉండేవి ఇంకా ఇబ్బందే. పెద్ద మాత్రలు అక్కడే ఆగుతున్నాయి. అలసిన సాయంత్రాలు గొంతు గరగరలాడుతుంది, అప్పుడు తినడం ఆపి, గొంతు సవరించుకుని, మళ్లీ మింగమని చెప్పాం. నోట్లో ఎడమవైపు వేడి సరిగా తెలియడం లేదు, అందుకే మొదట కుడివైపు రుచి చూస్తారు.

తల తిప్పకుండా మింగడం ఇప్పుడు ప్రయత్నిస్తున్నాం. నీళ్లతో కుదురుతోంది, ముద్దతో ఎడమ గుంటలో ఇంకా కొంత మిగులుతోంది. ఎడమ స్వరతంతువులో కదలిక రాలేదు. ఫిల్లర్ కరిగే సమయం దగ్గరపడుతోంది కాబట్టి వచ్చే ఎండోస్కోప్ సమయంలో దగ్గు బలాన్ని కూడా కొలిచి, మళ్లీ ఇంజెక్షనా లేక శాశ్వతంగా జరిపే సర్జరీనా అన్నది ఈఎన్‌టీ డాక్టర్‌తో కలిసి తేల్చాలి.